తాలుకాయల కారం

మాది మానుకోట జిల్లా, గూడూరు దగ్గరి ఊరు. మా చపాట మిరపకాయ పేరు ఎక్కడెక్కడి వ్యాపారులకో తెలుసు. పొట్టిగా, దొడ్డుగా, నిండు ఎరుపుతో ఉంటుంది. రంగెక్కువ, మంట తక్కువ. అంత పేరున్న కాయ పండించే ఇంట్లో మేం తిన్నది మాత్రం తాలుకాయల కారం. కల్లంలో ఎండిన కాయను ఏరేటప్పుడు రంగు పోయి తెల్లబారినవన్నీ తాలు కింద పక్కకు పడతాయి. ఎర్రనివి అంగడికి, తాలు ఇంటికి. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, ఊరందరి పద్ధతీ ఇంతే.

మంచి కాయ కారం నేను మొదటిసారి తిన్నది జనగామలో, అత్తగారింట్లో. పెళ్ళయిన ఏడాది మా బాపు ఎర్రకాయ ఏరి ఏరి సంచి నింపి పంపాడు. ఆ కారం రంగు చూసి మా అత్త వాడకట్టంతా చెప్పుకుంది. నాకేమో మొదటి ముద్దకే కోపం వచ్చింది. ఇంత కమ్మటి కారం మన చేన్లో ఉండగా చిన్నప్పటి నుంచీ మాకు ఆ చప్పిడి తాలు ఎందుకు పెట్టారని. పుట్టింటికి పోయినప్పుడల్లా అడిగేదాన్ని. "మనం తింటే ఎవలు సూస్తరు బిడ్డా" అని బాపు నవ్వేవాడు.

మొన్న శివరాత్రి దాటాక బాపును దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం. కడుపులో గడ్డ ముదిరిందన్నారు. "ఏది తినబుద్ధయితే అది పెట్టండి" అని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకూ తెలిసింది, అమ్మకూ తెలిసింది. బాపుకు ఏదీ గొంతు దిగడం లేదు. జావ ఇస్తే వద్దంటాడు, పాలిస్తే మొహం తిప్పుకుంటాడు. ఒక్క ముద్ద తింటే చాలని అమ్మ ఆయన మంచం చుట్టే తిరిగేది.

ఒకనాడు కాయ ఏరడం అయింది. వాకిట్లో రెండు కుప్పలున్నాయి. "ఏం తింటవు బాపూ" అని మళ్ళీ అడిగాను.

"జరంత కారమన్నం పెట్టుండ్రి" అన్నాడు.

అమ్మ చేట పట్టుకుని పోయి తాలుకుప్ప ముందు కూర్చుంది. గుప్పెడు తీసి చేటలో వేసి, మళ్ళీ కుప్పలోనే పోసేసి, లేచి, ఎర్రకుప్పలోంచి దోసిలి నింపుకుంది. మంచంలోంచి బాపు చూడనే చూశాడు.

"ఏమే, గది అంగడికి పోయే కుప్ప."

నా నోరు ఊరుకోదు కదా. "అంగడోళ్ళు వచ్చి నీకు అన్నం పెడుతరా? ఊకో బాపూ" అన్నాను. ఏడుపు వచ్చినప్పుడు నాకు దానికంటే ముందు కోపం వస్తుంది.

అమ్మ కాయలు వేయించి, ఎల్లిగడ్డ, ఉప్పు, జీలకర్ర వేసి రోట్లో దంచింది. వేడన్నంలో పల్లినూనె పోసి ఎర్రగా కలిపింది. నేను బాపును లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టింది. ఆయన చాలాసేపు నమిలాడు. మేమిద్దరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. ముద్ద దిగింది.

"గిట్లుంటదా ఏంది మన కాయ" అన్నాడు.

"నీకు తెల్వదా?"

"నేనెప్పుడు తిన్న బిడ్డా. పండిచ్చుడే ఎర్క."

ఎన్నేళ్ళుగా నేను ఎవరితో కొట్లాడుతున్నానో అప్పుడు అర్థమైంది.

ఇంకో ముద్ద తిన్నాడు. ఆ తర్వాతది సగంలోనే చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. కంచాన్ని అమ్మ వైపు జరిపాడు.

"నువ్వు తిను. నువ్వు గూడ తినలేదు గదా."

అమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచింది.

"నేను పోయినంక గూడ గా తాలే తినుకుంట కూసోకు. ఇంట్లకు మంచి కాయ ఉంచుకో" అన్నాడు.

అమ్మ మంచం పక్కన కింద కూర్చుని, ఆయన చూస్తుండగానే ఆ కంచంలోని అన్నమంతా తిన్నది.