నాలుగు వరసల జాబు

నా చిన్నప్పుడు, నాకు ఏడేండ్లున్నప్పుడు, జ్యేష్ఠమాసం రెండో శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు మా పెద్దమ్మ బతుకు నిలిచిపోయింది. మా ఇంట్లో గడియారం లేదు. అయినా గంట నాకు తెలుసు. చిత్తూరు పోయే, బొగ్గుతో నడిచే బస్సు పూతలపట్టు దాటినంక మా ఊరి మిట్ట ఎక్కలేక మూలిగేది ఆ ఏళకే. మా బడి అయ్యోరు జాబు కవరు చింపేటప్పుడు ఆ బస్సు మూలుగుతా ఉండింది.

ఇన్నేండ్లకు ఈ మాట రాస్తా ఉన్నానంటే నవలల వల్ల. మా మనవరాలు చిత్తూరు లైబ్రరీ నుంచి నాకు పుస్తకాలు తెస్తుంది. పెద్ద యుద్ధం అయిపోయినంక ఇరవై ముప్పై ఏండ్లు జనం ఎట్ల బతికినారో చెప్పే నవలలే తెమ్మంటాను. ఆ కాలం నాది. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చినాయి గాబట్టి వేలు పెట్టి చదువుతాను. ఒక్క పుస్తకానికి రెండు నెలలు పడుతుంది. ఇప్పటికి పదకొండు చదివినాను. దాదాపు అన్నిట్లోనూ యుద్ధానికి పోయినోడు ఎప్పుడో ఒకప్పుడు రైలు దిగుతాడు. దిగకపోతే, వాని కోసం కూర్చున్న ఆడమనిషిని వెన్నెల్లో నిలబెట్టి బొమ్మ గీసినట్టు రాస్తారు. ఎదురుచూసేదే ఒక గొప్ప అన్నట్టు. అట్ల ఎదురుచూసిన మనిషితో నేను ఒకే ఊర్లో బతికినాను. ఆమె పేడ తట్టలు మోసింది, నడుము పోయింది, తల నెరిసింది. అంతకు మించి నేను చూసింది ఏమీ లేదు.

మా పెదనాయన, అంటే మా నాయనకు అన్న, పెండ్లయిన ఏడాదికే మిలిటరీలో చేరి బర్మా పక్కకు పోయినాడంట. నాకు ఆయన ముఖం గుర్తు లేదు. యుద్ధం నిలిచిపోయి మూడేండ్లయినా మనిషి రాలేదు, కబురు రాలేదు. పెద్దమ్మకు అప్పటికి ఇరవై ఏండ్లు. మా కులంలో మారుమనువు తప్పు గాదు. పెద్దమ్మ వాళ్ల అన్న బంగారుపాళ్యం నుంచి ఎద్దుల బండి కట్టుకొని వచ్చినాడు. వాళ్ల ఊర్లో పెండ్లాం చచ్చిపోయిన రైతు ఒకడు, పిల్లల్లేరు, చిన్న మామిడి తోట ఉంది, అడగతా ఉన్నాడని చెప్పినాడు. మా తాత వద్దనలేదు. నాయుడుపేట కాడ ఒకాయన, పెదనాయనతో కలిసి పోయినోడు, తిరిగొచ్చినాడని మాకు తెలిసింది. ఆయనకు జాబు రాయిద్దాం, జవాబు వచ్చినంక పిల్లను పిలచకపోప్పా అన్నాడు మా తాత. న్యాయమైన మాటే.

జాబు రాసింది అయ్యోరు. ఆయన తిరపతి మనిషి, గుడి కైంకర్యం చేసే వాళ్ల ఇంటి బిడ్డ. మా ఊరి బడి పంతులు ఆయనే, పోస్టాఫీసూ ఆయనే. బడి మూలన ఒక చెక్కపెట్టె, ఒక ముద్ర. ఊర్లో చదువు వచ్చింది ఆయన ఒక్కడికే. మంచోడు. ఇప్పుడు కూడా ఆ మాట కొట్టెయ్యను. బెల్లం ముక్క జేబులో పెట్టుకొని తిరిగేవాడు, ఏ బిడ్డ కనపడితే ఆ బిడ్డకు ఇచ్చేవాడు.

మా అవ్వ, పెదనాయన తల్లి, అప్పటికి నెల దినాలుగా మంచం మీద ఉండింది. గంజి తప్ప ఏమీ దిగేది గాదు. నాటు వైద్యుడు చెయ్యి పట్టి చూసి మా నాయనను పక్కకు పిలిచి ఏదో చెప్పి పోయినాడు. ఆ శుక్రవారం అవ్వ మంచాన్ని గాలికని వసారాలోకి తెచ్చి వేసినారు. పెద్దమ్మ అన్న ముందురోజే వచ్చి, ఎద్దులను మా కొట్టంలో కట్టేసి, జవాబు ఎప్పుడొస్తుందా అని కూర్చోని ఉన్నాడు. పెద్దమ్మ తలకు పోసుకొని కనకాంబరాలు పెట్టుకోనుండింది. రెండు చీరలు, ఒక దువ్వెన మూట కట్టి తలుపు చాటున పెట్టింది. ఆ మూట నేను చూసినాను. నాకు బాధయింది, ఎందుకంటే నా తల దువ్వేది ఆమే.

అయ్యోరు కవరు తెచ్చినాడు. వసారా అంచున కూర్చోని చింపినాడు. లోపల అరకాగితం. నేను ఆయన మోకాలి పక్కనే ఉన్నాను. దాని మీద నాలుగు వరసలు ఉన్నాయి. లెక్కపెట్టేది అప్పుడే నేర్చుకోనుంటి, కనపడిందల్లా లెక్కపెట్టే దాన్ని. నాలుగే.

ఆయన ముందర మనసులో చదువుకున్నాడు. మళ్లీ మొదటికి పోయినాడు. పెద్దమ్మ అన్నకు ఓర్పు పోయింది.

“ఏమయ్యోరా, చదవతా ఉండావా, మా ఎద్దు మాదిరి నెమరేస్తా ఉండావా?” అన్నాడు.

మా అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అయ్యోరు నవ్వలేదు. తల ఎత్తి అవ్వ పక్క చూసినాడు. అవ్వ మంచం మీద మోచేయి ఊని సగం లేచి, ఆయన నోటి వైపే చూస్తా ఉండింది. మెడ నరాలు తాళ్ల మాదిరి తేలి ఉన్నాయి. ఆయన నన్ను నీళ్లు తెమ్మన్నాడు. తాగినాడు. తర్వాత చదివినాడు.

మీ వాడు బతికే ఉన్నాడమ్మా అన్నాడు. కాలికి దెబ్బ తగిలి సముద్రం అవతల ఆస్పత్రిలో ఉన్నాడంట. అక్కడ నుంచి జాబులు రానియ్యరంట. ఓడ దొరికినప్పుడు వస్తాడంట. అమ్మను వేళకు తినమన్నాడంట, నాయనను ఎండలో తిరగొద్దన్నాడంట, తమ్ముడిని అడిగినాడంట, గొడ్లను అడిగినాడంట. చదివినాడు, చదివినాడు, హరికథ చెప్పినంత సేపు చదివినాడు. నాలుగు వరసల్లో ఇన్ని మాటలు ఎట్ల పట్టినాయబ్బా అని నేను ఆ కాగితాన్నే చూస్తా ఉన్నాను. చదువంటే ఇట్లాంటిది గాబోలు అనుకున్నాను. ఇంత గింజలో అంత చెట్టు ఉండదా, అట్ల. అది నాకు ఎంత వింతగా ఉండిందో చెప్పలేను.

చదివినంక కాగితాన్ని మడతలు పెట్టి కవర్లోకి తోసి, పసుపు గుడ్డ తెమ్మన్నాడు. ఈ జాబును ఏడుకొండలవాడికి ముడుపు కట్టండి, మీ వాడు వచ్చినంక వాని చేతనే కొండకు తీసకపోయి హుండీలో వేయించండి, అందాకా ఎవురూ విప్పొద్దండి అన్నాడు. ముడుపు విప్పకూడదని మా పక్క ఎవురికి తెలీదు? మొక్కు తీరేదాకా విప్పితే ఆ మొక్కు చెడిపోతుంది. మా తాత మూడు ముళ్లు వేసి దేవుని గూట్లో పెట్టినాడు.

అవ్వ ఆ పొద్దు రాగిముద్ద అడిగి తినింది. అందరూ ఏడ్చినారు, నవ్వినారు. పెద్దమ్మ ఏడవలేదు, నవ్వలేదు. తలుపు చాటున మూట విప్పి, రెండు చీరలు తెచ్చి మళ్లీ దండెం మీద వేసింది. వాళ్ల అన్న ఆ దండెం పక్క చూసి, “సరేమ్మా, నీ మొగుడు బతికుండాడంటే నాకంటే సంతోషపడేది యావుడు,” అని చెప్పి ఎద్దులను విప్పుకున్నాడు.

నేను అయ్యోరి వెనకాల సందు మొదటిదాకా పోయినాను, బెల్లం కోసం. ఆయన జేబులో చెయ్యి పెట్టలేదు. నా తల మీద పెట్టినాడు. “అవ్వ ఇంక నెల ఉంటే గొప్ప పాపా. ఆమె పోయినంక చెప్దాం,” అన్నాడు. ఏం చెప్తాడో నాకు అర్థం గాలేదు. బెల్లం ఇయ్యలేదని ఏడ్చుకుంటా ఇంటికొచ్చినాను.

అవ్వ నెలకు పోలేదు. కొడుకు బతికుండాడనే మాట పట్టుకొని లేచి తిరిగింది. పదకొండేండ్లు బతికింది. అయ్యోరు ఆ ఏడు దసరాకు ముందు విషజ్వరంతో పోయినాడు. ఆయనను తిట్టబుద్ధి కాదు, గాని ఒక మాట రాయకుండా ఉండలేను. జ్యేష్ఠం నుంచి దసరాకు నాలుగు నెలలు. నాలుగు నెలలు ఆయన మా వాకిలి ముందరే తల వంచుకొని బడికి పోయినాడు, వచ్చినాడు. అంత టైం ఉండింది. మా తాత మళ్లీ నాయుడుపేటకు రాయిద్దామంటే, రాసినా పెద్దాయనా, జవాబు రాలేదు అనేవాడు. ఆయన పోయినంక ఇంకొక అయ్యోరు వచ్చినాడు. ఆయన రాస్తానన్నాడు, అడ్రసు చెప్పమన్నాడు. మొదట రాసిన అడ్రసు పాత అయ్యోరికే తెలుసు, ఇంకొకటి ముడుపులో కవరు మీద ఉంది. ముడుపు విప్పకూడదు.

మామిడి తోట రైతు రెండేండ్లు చూసి వేరే పిల్లను చేసుకున్నాడు. తాత పోయినాడు, అవ్వ పోయింది. నేను అదే ఊర్లో మా మేనత్త కొడుకును చేసుకున్నాను, పిల్లలను కన్నాను. పెద్దమ్మ మా నాయన ఇంట్లోనే, ఆ గొడ్లకాడనే. పండగకు బొట్టు పెట్టుకునేది, కాసులపేరు వేసుకునేది. పేరంటానికి పిలిచే వాళ్లు పిలిచినారు, పిలవని వాళ్లు పిలవలేదు. మొగుడున్న ఆడమనిషా, లేని ఆడమనిషా అని ఊరు తేల్చుకోలేకపోయింది.

నాకు యాభై దాటినంక ఊర్లో పెద్దోళ్లకు సాయంత్రం బడి పెట్టినారు. మనవళ్లు నవ్వతా ఉన్నా పోయినాను. పలక మీద వరస వెంబడి వరస దిద్దతా ఉంటే ఒక సంగతి నా మనసుకు తట్టింది. ఒక వరసలో ఒక వరస మాటలే పడతాయి. ఎంత సన్నగా రాసినా అంతే. అయ్యోరు చదివినన్ని మాటలు నాలుగు వరసల్లో పట్టవు. ఎవురికీ చెప్పలేదు. ఒక ఏడాది చెప్పలేదు. నేను కూడా అయ్యోరి మాదిరే తల వంచుకొని తిరిగినాను.

చివరికి పెద్దమ్మే వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై అయిదేండ్లు దాటినాయి. ముడుపు తెచ్చి నా ముందర పెట్టింది.

“ఇప్పుడు నీకు వచ్చు గదా. చదువు.”

“విప్పకూడదు గదా పెద్దమ్మా.”

“ఆయన వచ్చినంక విప్పమన్నారు. వచ్చే మొగమేనా అది? ఏడుకొండలవాడు కోపం చేసుకుంటే నా మీదనే చేసుకోనీలే. ఇంక నన్ను చేసేకి ఏం మిగిలుండాది?”

గుడ్డ చివికిపోయింది, ముళ్లు చేత్తో రాలేదు, కత్తిపీట మీద తెంపినాము. కాగితం మడతల కాడ చిరిగి ఉండింది. వేలు పెట్టి చదివినాను. జాబులో ఉండింది ఇది. మీ వాడు బర్మాలో జ్వరం వచ్చి నా ఒళ్లోనే పోయినాడు, నేనే మన్ను వేసినాను. పోయే ముందర వాడు, నా పెండ్లాం చిన్నది, దాన్ని నా కోసం కూర్చోబెట్టొద్దండి, మంచి చోట మారుమనువు చెయ్యండి అని మా వాళ్లకు చెప్పు అన్నాడు. అదే ఆయన కడమాట. ఇన్ని దినాలు రాసేకి నాకు చెయ్యి రాలేదు, క్షమించండి.

ఉన్నది ఉన్నట్టు చదివినాను. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాలని నోటిదాకా వచ్చింది, ఆమె ముఖం చూస్తే ఎవురికైనా వస్తుంది. అయ్యోరికి ఎట్ల వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

“అంతేనా?” అనింది.

“అంతే పెద్దమ్మా. నాలుగే వరసలు.”

మళ్లీ చదవమనింది. చదివినాను. కాగితాన్ని తిరిగి మడిచి, “ఆ పొద్దు ఆయన బతికుండాడంటే నాకు సంతోషం రాలేదు పాపా,” అనింది. “బండెక్కి పోదామని ఉండింది. ఆ పాపానికే ఆయన రాలేదేమో అనుకుంటా ఉంటి, ఇన్నేండ్లు.” లేచి, గొడ్లకు నీళ్లు పెట్టాల అని పోయింది. ఆ తర్వాత రెండేండ్లు ఉండింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మా వీధిలో ఆస్పత్రి కాగితమైనా, కోర్టు కాగితమైనా నా దగ్గరికి తెచ్చేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చెడ్డదైతే చెడ్డదే చదువుతాను. ఈ ముసల్దానికి గుండెలో తడి లేదంటారు. అననీ. ముందర కాగితం చూస్తాను, వరసలు లెక్కపెడతాను, అన్నే చదువుతాను. ఎవురి ముఖం చూడను. నాకు ఆ శుక్రవారం నుంచి మిగిలింది అదొక్కటే, అది కూడా ఎవురికీ పనికిరాకుండా నలభై అయిదేండ్లు ఆలస్యంగా వచ్చింది. నవల రాసేవాళ్లు మాత్రం యుద్ధానికి పోయినోణ్ణి రైలు దింపతానే ఉంటారు. పన్నెండోది నా మంచం మీద ఉంది. ఇంకా తెరవలేదు.

ఆ పొద్దు మా వసారాలో ఉండినోళ్లు వీళ్లు. మంచం మీద మా అవ్వ. ఆమె తల పక్కన మా తాత. గుంజకు ఆనుకొని మా నాయన. గడప మీద మా అమ్మ. తలుపు చాటున పెద్దమ్మ. అరుగు మీద పెద్దమ్మ వాళ్ల అన్న. వసారా అంచున అయ్యోరు. ఆయన మోకాలి పక్కన నేను. ఆయన చేతిలో కాగితంలో మా పెదనాయన. మాట్లాడతా ఉండింది పెదనాయన ఒక్కడే, తన పెండ్లాన్ని పంపించెయ్యమని. వినిపించలేదు.