తోక ఆడించి ఆగిపోయిన పులస

ఈ రోజు మా భీమవరం కాలేజీలో పాత కంప్యూటర్ల ప్రదర్శన జరిగింది. అందులో ఒకదాని మీద, గోదావరికి ఎదురీదే పులస చేప కథ చూపించే పని నాకూ, మా క్లాసు రవికీ పడింది. కథ నేనే రాశాను. ఒక్కో వాక్యాన్నీ ఎన్నిసార్లు దిద్దుకున్నానో!

అందుకు మా దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి. తేలికదాంట్లో బొమ్మ, దాని కింద నా మాటలు వస్తాయి, నొక్కితే పేజీ మారుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో అయితే చేప నిజంగా ఈదుతుంది. నేను తేలికదే చాలన్నాను.

"పేజీలు తిప్పడానికైతే కంప్యూటర్ ఎందుకే?" అన్నాడు రవి.

చివరికి పెద్దదే పెట్టాం. చేపకే మెమరీ చాలక, రవి నా వాక్యాలన్నీ తీసేసి ఒక్కటే ఉంచాడు: 'పులస బయలుదేరింది.'

ముఖ్య అతిథి గారు వచ్చి మౌస్ నొక్కారు. చేప ఒకసారి తోక ఆడించి ఆగిపోయింది.

"వచ్చేస్తుందండి, ఈలోగా టిఫిన్ చేద్దురుగాని," అని మా మేడమ్ కుర్చీ వేయించారు.

ఆయన పెసరట్టు తినడం పూర్తయినా చేప అక్కడే ఉంది.

"బయలుదేరి ఎక్కడికెళ్లిందమ్మా ఇది?" అన్నారు.

ఇక ఉండబట్టలేక, తీసేసిన వాక్యాలన్నీ గడగడా చెప్పేశాను. ఆయన చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి విన్నారు. తర్వాత, కంప్యూటర్ పక్కనే నిలబడ్డ రవి వైపు తిరిగి నవ్వారు.

"నీ సాఫ్ట్‌వేర్ అదిరిందయ్యా, కథ కూడా చెబుతోంది!"

రవి సిగ్గు లేకుండా "థాంక్యూ సర్" అన్నాడు. నా స్థానంలో ఉంటే వాణ్ణి మీరేం చేసేవారు?