అమెరికా సంగతి అడిగిన మేస్త్రీ

పుంగనూరులో డీజిల్ కార్లు బాగుచేసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. రైతుల బావుల దగ్గర ఆయిలింజన్లు బాగుచేస్తూ నేర్చిన విద్య అది.

మదనపల్లె లైబ్రరీలో డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఇంగ్లీషు కార్ల పత్రికల్లో నేను చదివినదంతా వారం వారం ఆయనకు చెప్పేవాణ్ణి. ఒకరోజు అడిగాడు.

“డీజిలు కారు అమెరికాలో నిలబడుతుందాప్పా?”

“నిలబడదు మేస్త్రీ. ఆడ పెట్రోలే చవక. పొగకు రూల్సు గట్టిగా ఉండాయి. ఆ సప్పుడు కూడా వాళ్లకు పడదు.”

“సప్పుడు లేకుంటే బండి బతికుండాదని ఎట్ల తెలుస్తాది? ఆయిలింజను పెట్టి మడి తడిపింటే తెలిసేది వాళ్లకి!” అని నవ్వాడు.

మరుసటి నెల వెళితే షెడ్డుకు తాళం ఉంది.

“కుప్పంలో అల్లుడి బ్యాటరీ స్కూటర్ల అంగడికి పోయినాడు. డీజిలు పని అయిపోయిందని నువ్వే సెప్పినావంట కదప్పా?” అన్నాడు పక్కన పంక్చర్లు వేసే ఆయన.

అప్పటినుంచి ఆ దారిన పోయినప్పుడల్లా నా కాళ్లు అక్కడ ఆగుతున్నాయి.

మొన్న కుప్పం వెళ్లి చూశాను. గోళ్లలో నలుపు లేకుండా, అంగడి ముందు కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు.

“నువ్వు ముందే సెప్పబట్టి సరిపోయిందప్పా. లేకుంటే ఆడనే పస్తులుండేవాణ్ణి,” అంటూ టీ తెప్పించాడు.

పుంగనూరులో డీజిల్ కార్లవాళ్లు ఇంకా ఆయన్ను వెతుక్కుంటున్నారు. నేను చెప్పింది ఒక్క అమెరికా గురించేనన్న మాట, టీ అయిపోయినా నా నోట రాలేదు.