తెగని కత్తెర

దేవకుమారి కుట్టుకు వంక పెట్టినవాళ్లను నేను చూడలేదు. ఏలూరు మిషన్ బళ్లో నేర్చిన చెయ్యి మరి. వచ్చిన చిక్కల్లా కత్తెరతోనే. ఆమెది పుర్రచెయ్యి. బళ్లో దెబ్బలు తిని రాతనూ భోజనాన్నీ కుడిచేతికి మార్చుకుంది గానీ, కత్తెర మాత్రం ఆ చేతికి లొంగలేదు. ఎడమచేత్తో పడితే గుడ్డ తెగకుండా రేకుల మధ్య మడతపడి నలిగిపోయేది.

అందుకని కత్తిరింపు అన్నగారు వరదానానిది, కుట్టు ఈమెది. కొల్లేటి లంకల నుంచి పడవల మీద వచ్చే ఆడవాళ్లు మగవాడికి కొలతలివ్వడానికి సిగ్గుపడి, పాత రవికొకటి పడేసి పోయేవారు. కొత్త రవిక చంకలో పట్టేస్తే మళ్లీ వచ్చి దేవకుమారి మీదే విసుక్కునేవారు. తానే కొలిచి, తానే కత్తిరించి, తానే కుట్టాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

“నాకు నప్పే కత్తెర దొరకాలి గానీ అన్నయ్యా, నేనూ కత్తిరించగలను.”

“ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే! జనం గుడ్డలే తల్లీ, వద్దు” అనేవాడు వరదానం. రోజూ అదే మాట. పక్కింట్లో ఉన్న నాకే ఒళ్లు మండేది.

పందొమ్మిదివందల ముప్పై ఆరులో, క్రిస్మస్ బట్టల రద్దీలో, వాళ్ల ఇస్త్రీపెట్టె కిందపడి పగిలింది. కాలవగట్టున పాత ఇనుప సామాన్లమ్మే ఇనాయతుల్లా గారి కొట్టుకి అన్నాచెల్లెళ్లు బయల్దేరితే, అట్లకాడ కోసం నేనూ వెంట వెళ్లాను. ఆ సాయిబుగారు వస్తువులో ఉన్న లోపం ముందే చెప్పి అమ్మే మనిషి. అందుకే ఆయన బాగుపడలేదని మా ఆయన అనేవారు.

వరదానం ఇస్త్రీపెట్టెలు బేరమాడుతుంటే దేవకుమారి చూపు గోడమేకుకు వేలాడుతున్న పెద్ద కత్తెర మీద పడింది. నిగనిగలాడే సీమ ఉక్కు.

“అది మాత్రం వద్దమ్మా” అన్నారు సాయిబుగారు. “ఎవరో దొరసాని సీమకెళ్లిపోతూ వేలం వేయిస్తే కొన్నానండి. రెండుసార్లు సాన పట్టించాను. అయినా తెగదు. మీకమ్మితే నాకు పాపం.”

ఆమె వినలేదు. అలవాటు కొద్దీ ఎడమచేత్తో తీసి, అక్కడున్న మసిగుడ్డ మీద పెట్టింది. కత్తెర సర్రున సాగిపోయింది. ఈ కొస నుంచి ఆ కొసకు, గీత గీసినట్టు! మళ్లీ కత్తిరించింది. నవ్వుతూ కత్తిరించింది. మసిగుడ్డ అయిపోతే నా చేతి సంచీ వైపు చూసింది. నేను సంచీ వెనక్కి దాచుకున్నాను.

సాయిబుగారు నోరు తెరుచుకుని, మామూలు కత్తెర ఒకటి తెచ్చి పక్కన పెట్టి చూశారు. “ఇదండీ సంగతి! దీంట్లో పైరేకు ఎడమవైపుంది, మామూలు దాంట్లో కుడివైపు. ఆ దొరసానిదీ పుర్రచెయ్యే అన్నమాట. ఇన్నాళ్లూ కత్తెరని తిట్టుకున్నానే!”

వరదానానికి నమ్మకం కుదరలేదు. “ఏదీ, ఇలా తే” అని కుడిచేత్తో పుచ్చుకుని, మిగిలిన పీలిక మీద ఆడించాడు. పీలిక మడతపడింది. పళ్లు బిగించి నొక్కాడు. నలిగింది గానీ తెగలేదు.

“అబ్బే, ఈ కత్తెర బాగోలేదే” అన్నాడు.

దేవకుమారి అన్నగారి మొహంలోకి నెమ్మదిగా చూసింది.

“ఆడలేక మద్దెల ఓడందిట అన్నయ్యా.”

నేను పకపకా నవ్వేశాను. సాయిబుగారు గడ్డం చాటున నవ్వారు. వరదానం మొహం ఎర్రబడింది, ఆ తర్వాత అతనికీ నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఎప్పుడూ తన మెడలో వేలాడే కొలతల టేపు తీసి చెల్లెలి మెడలో వేశాడు.

“లంకల వాళ్లొస్తే నన్ను పిలవకే” అన్నాడు.