తలుపు వెనక బడి

మొన్న ఆదివారం మా ఎదురింటి కోడలు ఒక ఫైలు చంకన పెట్టుకొని వచ్చింది. ఐదేళ్ల కొడుకును బడికి పంపదట, ఇంట్లోనే చదివిస్తుందట. ఎప్పుడు లేపాలి, ఎప్పుడు లెక్కలు చెప్పాలి, ఎప్పుడు ఆడించాలి, అన్నీ రంగురంగుల గడులు గీసి పెట్టుకుంది. "అక్కా, సమ్మెల మీ బిడ్డకు ఇంట్లనే చదువు చెప్పిన్రట గదా, ఎట్ల మొదలువెట్టిన్రో జర చెప్పున్రి" అని కుర్చీలో స్థిరపడింది. కేసముద్రంలో ఎవరింట్లో ఏం జరిగిందో ఎన్నేళ్లైనా ఎవరూ మరిచిపోరు. నేను చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్లి, అది పొంగి పొయ్యి మీద పడేదాకా అలాగే నిలబడ్డాను.

ఎట్లా మొదలుపెట్టానంటే, ఉత్సాహంతో మొదలుపెట్టాను. పిల్లల విషయంలో పెద్దల ఉత్సాహం అంత ప్రమాదం ఇంకొకటి లేదు.

సకలజనుల సమ్మె రోజులవి. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, అక్కడ భూపాలపల్లిలో బొగ్గు బాయిలు బంద్ అయితే ఇక్కడ మా ఇంట్లో ఫ్యాను ఆగేది. మా ఆయన దగ్గర్లోని గూడూరులో సర్కారు గుమాస్తా. ఇక్కడే మా ఊళ్లో వేసిన దీక్షా శిబిరానికి, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, టిఫిన్ డబ్బా కట్టించుకొని, అచ్చం ఆఫీసుకు పోయినట్టే పోయేవాడు. ఆఫీసుకు ఆలస్యంగా పోయిన రోజులున్నాయి గానీ శిబిరానికి ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. బళ్లు కూడా మూతపడ్డాయి. మా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు, రెండో తరగతి. నేనేమో టీచరు ట్రైనింగు చేసి, కొలువు కోసం ఏళ్లకేళ్లుగా ఎదురుచూస్తున్నదాన్ని. రాష్ట్రం వస్తే ఉద్యోగం వస్తుందని రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు నేనూ గొంతు చించుకున్నాను. పప్పుచారు నాదే, కొంచెం ఉప్పెక్కువైంది, ఉద్యమం కాబట్టి ఎవరూ వంక పెట్టలేదు. అట్లా చేతి నిండా చదువు పెట్టుకొని, చెప్పడానికి పిల్లలు లేక నేను ఉడికిపోతున్న కాలంలో, చదువుకోవడానికి బడి లేని పిల్ల ఒకతి నా ఇంట్లోనే దొరికింది. పాపం, దాని తలరాత.

నడిమి అర్ర తలుపు వెనక భాగాన్ని బోర్డు చేశాను. పాత బ్యాటరీ సెల్లులు పగలగొట్టి, లోపలి నల్లపొడిని సొరాకు పసరులో నూరి, గుడ్డతో రెండు పూతలు పూశాను. నా చిన్నప్పుడు మా బళ్లో పంద్రాగస్టు ముందు మేమంతా చేసిన పనే అది. రెండు రోజులు నా గోళ్లు నల్లగానే ఉన్నాయి. మా అత్తమ్మ చూసి "బంగారమసొంటి తలుపుకు మసి పూసినవేందే" అని నెత్తి కొట్టుకుంది. ఒక పాత నోటుబుక్కులో హాజరుపట్టీ గీశాను. అందులో ఒకటే పేరు. రోజూ ఆ పేరు గట్టిగా పిలిచేదాన్ని, అది లేచి నిలబడి "ప్రెజెంట్ మేడం" అనాలి. బడి బట్టలు వేసుకోవాలి, రెండు జడలు వేసుకోవాలి. ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది. కానీ అప్పుడు నేను నవ్వలేదు, దాన్ని నవ్వనివ్వలేదు.

మొదటిరోజే అది చాప లాక్కొని బోర్డు ముందుకు వచ్చింది. "అమ్మా, నీ దగ్గర కూసుంట" అంది.

"క్లాసుల అమ్మ ఎవరు? మేడం అను. పోయి గోడకు కూసో."

గోడ దగ్గరికే పోయింది. మర్నాడు మళ్లీ జరుపుకుంటూ వచ్చింది, మళ్లీ పంపించాను. బడిలో పిల్లలు టీచరు ఒళ్లో కూర్చుంటారా అన్నది నా లెక్క. ఇంట్లో చదువు చెప్పడమంటే ఇల్లును బడి చేయడమే అనుకున్నాను. బడిలో యాభైమంది ఉంటారు కాబట్టి ఒకరు వెనక కూర్చోక తప్పదనీ, నా ముందున్నది ఒక్కతేననీ, అంత పెద్ద అర్రలో దాన్ని వెనక్కి నెట్టాల్సిన పనే లేదనీ నాకు తట్టలేదు. ట్రైనింగులో మంచి మార్కులే వచ్చాయి మరి నాకు.

రాసేటప్పుడు పైకి చదువుతూ రాయడం నా అలవాటు. వారం తిరిగేసరికి నా బిడ్డ బోర్డు మీది పాఠం మొత్తం తడబడకుండా చదివేస్తోంది. నేను మురిసిపోయి మా ఆయనకు చెప్పాను. ఆయన దాన్ని శిబిరానికి తీసుకుపోయి, సమ్మెలో కూర్చున్న పంతుళ్ల ముందు నిలబెట్టి, ఎదురుగా కట్టిన బ్యానరు చదవమన్నాడు. నేను కూడా కొంగు సర్దుకొని వెనకే నిలబడ్డాను. అది ఎండకు ఒక కన్ను అరచేత్తో మూసుకొని, తల పక్కకు వంచి, చాలాసేపు చూసింది. ఒక్క అక్షరం పలకలేదు. ఒక పంతులు "పోనియ్యి చెల్లె, చిన్న పొల్ల, బెదిరింది" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చి "వేషాలేస్తున్నవా? చెయ్యి తియ్, మంచిగ చూడు" అని స్కేలుతో ఆ చేతి మీదే కొట్టాను. రెండు దెబ్బలు. దాని చెయ్యి కన్ను మీదినుంచి దిగింది, మళ్లీ ఎప్పుడూ నా ముందు పైకి పోలేదు.

మా అత్తమ్మ చదువుకున్నది కాదు. బియ్యంలో రాళ్లు ఏరమని మనవరాలికి చాట ఇచ్చేది. ఆ రోజుల్లో అన్నంలో పంటికింద రాళ్లు తగిలితే నేను పిల్లనే తిట్టేదాన్ని. ఒకనాడు అత్తమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "పొల్ల చాటల మొకం వెట్టి ఏరుతాంది బిడ్డా. ఓపారి కండ్ల దవాఖానకు తోల్కపోరాదా?"

దానికి ఎడమకన్ను కొంచెం మెల్ల. పుట్టినప్పటినుంచీ ఇంట్లో అందరూ అది అదృష్టం అనేవాళ్లు, లచ్చిమి కన్ను అని దిష్టి తీసేవాళ్లు. అనేవాళ్లలో మా అత్తమ్మే ముందు. చదువుకున్న దాన్ని నేను, నాకూ ఆ మాట తియ్యగానే ఉండేది. అయినా చాట చూశాక ఆ ముసలామెకు అనుమానం వచ్చింది, నాకు రాలేదు. "బస్సులు బంద్ గదా అత్తమ్మా, సమ్మె అయినంక సూద్దాం" అన్నాను. నిజానికి ఆటోలు తిరుగుతూనే ఉన్నాయి. మహబూబాబాద్‌లో చెల్లెలి ఇంటికి చీర తెచ్చుకోవడానికి ఆ వారమే నేను ఆటోలో పోయి వచ్చాను. రాష్ట్రమంతా చేసిన సమ్మె మీదికి నా నిర్లక్ష్యాన్ని కూడా తోసేశాను.

సమ్మె అయిపోయింది. బళ్లు తెరిచారు. హాజరుపట్టీ మూసేసి, మళ్లీ కొలువు పుస్తకాల మీద పడ్డాను. కళ్ల మాట నేను మరిచిపోయాను, అత్తమ్మ ఇంకో రెండుసార్లు గుర్తుచేసి ఊరుకుంది. మూడేళ్ల తర్వాత బడికి కళ్ల పరీక్ష చేసేవాళ్లు వచ్చి చీటీ రాసిచ్చారు. అప్పటికి రాష్ట్రం కూడా వచ్చింది. హనుమకొండలో డాక్టరమ్మ రెండు కళ్లలోనూ లైటు వేసి చూసి, రెంటికీ సైటు ఉందంది. కుడికంటికి అద్దాలు సరిపోతాయి. ఎడమకన్ను చూడటం మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు దాన్ని పూర్తిగా లేపడం కష్టం అంది. "ఏడేండ్లప్పుడు తీస్కొచ్చి ఉంటే బాగుండేదమ్మా. పిల్ల ఇంట్ల చదువుకునేటప్పుడు ఎవరూ గమనించలేదా?" అని మామూలుగానే అడిగింది. ఆమె తప్పేం లేదు. మా ఆయన నేల చూశాడు. నేను "లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత బలం కావలసి వచ్చిందో నాకే తెలుసు.

నా బిడ్డ ఇప్పుడు పెద్దదైంది. స్కూటీ నడుపుతుంది, బాగానే నవ్వుతుంది. రైలు నడపాలని ఆశపడి, రాతపరీక్ష పాసై, కళ్ల పరీక్షలో వెనక్కి వచ్చింది. ఆ రోజు రాగానే బ్యాగు పక్కన పెట్టి అన్నం పెట్టమంది, తిన్నది. ఏడిస్తే నాకు తేలికయ్యేది.

ఎదురింటి కోడలు చాయ్ తాగి, ఫైలు నా దగ్గరే వదిలి వెళ్లింది, చూసి చెప్పమని. ఆమె పోయాక, ఇన్నేళ్లుగా అడగడానికి భయపడ్డ మాట ఫోన్ చేసి నా బిడ్డను అడిగేశాను. కనిపించట్లేదని ఆనాడు నాకెందుకు చెప్పలేదే అన్నాను.

"నాకు కనవడ్డట్టే అందరికి కనవడ్తదనుకున్ననమ్మా. నువ్వు మంచిగ చూడుమన్నవు, మంచిగనే చూసిన. ఇంకెట్ల చూడాల్నో నాకు ఎర్క లేకుండె" అంది. తర్వాత "బీపీ గోలీ ఏస్కున్నవా" అని అడిగింది.

నలభై రోజులకు పైగా ఒకే అర్రలో ఎదురెదురుగా కూర్చున్నాం, నేనూ నా ఏడేళ్ల బిడ్డా. ఇద్దరికీ వేరే పనే లేదు. దాని ముఖంలోకి తనివితీరా చూసుకోవడానికి కాలం నాకు ఇచ్చిన తీరిక అదొక్కటే, దాన్ని నేను తలుపు మీద రాసుకుంటూ గడిపేశాను.