ఉప్పునీళ్ళ వైద్యం

రొయ్యల గిన్నె అందిస్తున్నప్పుడు ఆమె మణికట్టు దాటి పైకి పాకిన ఎరుపు కనిపించింది. నాకు భయం మొదలైంది అప్పుడే.

పరాయి రాష్ట్రంలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఉధ్నాలో మా పక్కింటి పెద్దమ్మ ఆమె. భర్త మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. తెలంగాణ పల్లెలో చెరువు చేపలు తిని పెరిగింది. చెరువు నీళ్ళంటే ఆమెకు అనుమానం, సముద్రమంటే మాత్రం గొప్ప నమ్మకం. రొయ్యలు ఒలిచేటప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఆ గిన్నెలోని ఉప్పునీళ్ళలోనే వేలు ముంచి కూర్చునేది.

"ఉప్పునీళ్లల్ల పురుగు బతుకుతదా బిడ్డా? పుండు జల్ది మానుతది" అనేది.

ఆ రోజూ అదే మాట. "నీకు షుగరుంది పెద్దమ్మా, ఆసుపత్రికి పోదాం పద" అన్నాను.

"నీ సదువంతా బుగులు వడనీకే పనికొచ్చింది. జర ఆగు, పొయ్యి మీద కూరున్నది."

పొయ్యి ఆర్పి ఆటో ఎక్కించాను. ఉప్పునీళ్ళలోనే పెరిగే సూక్ష్మజీవి గాయంలోంచి లోపలికి చేరిందని, ప్రాణం దక్కాలంటే చెయ్యి తీసేయాలని డాక్టరు హిందీలో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. ఆమె ఏడవలేదు.

"మరి గిన్నేండ్లు ఏం గాకపాయె గదా? అడుగు సారును" అంది.

అడిగాను. ఇన్నాళ్ళూ అదృష్టం బాగుందన్నాడు.

ఆపరేషన్ తర్వాత గండం గడిచిందన్నారు. మర్నాడు ఉదయం మా పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"మరి అమ్మమ్మ రొయ్యలెట్లా ఒలుస్తుంది?" అని చిన్నది అడిగింది.

"మనం ఒలిచి ఇద్దాం. చేతులకు గ్లవ్స్ వేసుకుని" అన్నాను.