చూసే దిక్కుకే పడవ

మెడ పట్టేసి తల వెనక్కి తిరగనప్పటి నుంచి నా చిన్న పడవ కంభం చెరువు ఒడ్డున బోర్లా పడి ఉంది. రెండు అంచులకూ బిగించి లాగే మామూలు తెడ్లతో నడిపేవాడు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి, మాటిమాటికీ తిరిగి చూసుకోవాలి. అందుకే ముఖం ఎటుంటే అటే పడవను తీసుకుపోయే కొత్త రకం తెడ్లు తెప్పించాను.

ఈ రోజు గిద్దలూరు వెల్డింగు మేస్త్రీ వాటిని బిగించాడు. కానీ మామూలు తెడ్ల అలవాటు కొద్దీ పీటనూ తెడ్లనూ పడవ తోకవైపుకే తిప్పి పెట్టాడు. లాగగానే పడవ తోక ముందుగా కదిలింది.

గట్టు మీద, నేను పంతులుగా పనిచేసిన బడి రిటైర్డ్ హెడ్మాస్టరు పగలబడి నవ్వాడు. "ఏంది బావా, రివర్సు గేరులో పోతాండావు? ఇంక అమ్మేయ్ దాన్ని!"

"అమ్మను. నేను చూసే దిక్కుకే పోతాండా," అన్నాను.

మేస్త్రీ అన్నీ తిప్పి బిగించాడు. చెరువు నడిమి దాకా పోయి వచ్చాను, ఒక్కసారీ మెడ తిప్పలేదు. అప్పుడు హెడ్మాస్టరు మెల్లగా, "రేపు నన్నూ ఎక్కించుకో బావా," అన్నాడు.

"ఎక్కు. ముందర కూచుంటే నాకు దారి కనపడదు. నా యెనక కూచో."

సర్వీసంతా ఏ మీటింగులోనూ నన్ను ముందు వరుసలో కూర్చోనివ్వని మనిషి ఆయన. ఇది పగ అంటారో, పడవ ఇరుకు అంటారో మీరే చెప్పండి. నేను మాత్రం చోటు మార్చను.